మా అత్త చూసిన కౌబాయ్ సినిమాలు

మా అత్తగారింటి వెనక దడి దాటితే ఒక బీడు. ఆ బీట్లో టూరింగ్ టాకీసు డేరా ఉండేది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది డెబ్భైల చివర్లో. అప్పటికే ఆ ఊళ్ళోనే, ఉదయగిరిలో, చిన్న పిల్లల బడికి టీచరుగా చేరి ఉన్నాను. మా ఆయన ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్. వారమంతా అక్కడే గది తీసుకొని ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది మేమిద్దరమే, నేనూ మా అత్తా.

మా అత్త పొడుగు మనిషి. మామ పోయినప్పటి నుంచీ తెల్లచీరే కట్టేది. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటం ఆమె చేతిమీదే నడిచేది. ఆదివారం ఆరాధనకి ఆలస్యంగా వచ్చినవాళ్ళు పాస్టరయ్యకన్నా ఆమెకే ఎక్కువ భయపడేవాళ్ళు. సినిమా అనే మాట ఆమె ముందర ఎత్తకూడదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నన్ను డేరాకి తీసకపోతానంటే, "పోండి, పోయి రాండి. మీరు వచ్చేదాకా నేను మీకోసం ప్రార్థన చేసుకుంటా ఉంటా" అంది. ఆ మాటతో మేమిద్దరం వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పేశాం.

అయితే డేరాకి ఉండేది గుడ్డే కదా, గోడలు కాదు. పొద్దుగూకి ఫస్టు షో మొదలైందంటే మాటలూ పాటలూ కొట్లాటలూ అన్నీ మా వంటింట్లోకి వచ్చేవి. మేము అన్నం వండుకుంటూ, కూర తిరగమోత పెట్టుకుంటూ సగం సినిమా వినేవాళ్ళం. అత్త విననట్టే ఉండేది. ఒక సాయంత్రం మాత్రం చింతపండు పిసుకుతా పిసుకుతా చెయ్యి ఆపింది.

"అది గుర్రం కాదు."

"ఏది అత్తా?"

"ఆ పరిగెత్తేది. టెంకాయ చిప్పలు కొడతా ఉండారు. మట్టిమీద పరిగెత్తితే గుర్రం అట్ట టకటకలాడదు. దబదబా అంటాది. గుండెలో కొట్టినట్టుంటాది."

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఆ రోజు తెలిసింది. మా అత్త పుట్టిల్లు ఆత్మకూరు. వాళ్ళ నాయన జట్కా తోలేవాడు. ఇంట్లో మనుషులకన్నా ముందు గుర్రానికి తిండి. ఉలవలు ఉడికేది అందరికన్నా ముందు దానికే. చిన్నప్పుడు ఈమె గుర్రం పక్కన గడ్డిలో నిద్రపోయేదట. బస్సులు ఎక్కువై జట్కాలు ఒక్కొక్కటే మూలన పడిపోయినా, ఆమె తమ్ముడు మాత్రం నాయన వదిలిపోయిన పని వదల్లేదు. ఆయన్ని నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. ఆత్మకూరులో ఇంకా ఒక ఎర్ర గుర్రంతో, మార్కెట్టుకీ బస్టాండుకీ మధ్య మనుషుల్నీ మూటల్నీ ఎక్కించుకొని తిరుగుతుండేవాడు.

అప్పుడే మా డేరాలో కౌబాయ్ సినిమాల వరస మొదలైంది. మద్రాసులో తయారై, నెల్లూరులో ఆడి, ఆత్మకూరుకొచ్చి, గీతలు పడ్డ ప్రింటుతో మా ఊరు చేరేసరికి కొన్నేళ్ళు అయ్యేది. బయటి లోకానికి అవి పాతబడినా మాకు కొత్తే. నెత్తిన పెద్ద టోపీ, నడుముకి పిస్తోలు, కాళ్ళకి బూట్లు, తండ్రిని చంపినవాడి మీద పగ, కొండ గుహలో నిధి. ఏ సినిమాకి పోయినా ఇవి తప్పవు. మాట్లాడేదేమో అచ్చ తెలుగు. ఎక్కడి దేశమో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. పైగా ఆ సినిమాల్లో కనిపించే బోడికొండలూ, ముళ్ళ చెట్లూ, మండే ఎండా మాకు అరుగు మీద కూర్చుంటే కనిపించేవే. "అది మన దుర్గం కొండేరా, ఎప్పుడొచ్చి సినిమా తీసకపోయినారో మనకి తెలీకుండా తీసకపోయినారు" అని మా వీధిలో ఒకాయన ఒట్టేసి చెప్పేవాడు.

ఊరికి పిచ్చి పట్టింది. మా ఊళ్ళో చెక్క గరిటెలు, దువ్వెనలు చెక్కే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు గరిటెలు పక్కనపెట్టి పిస్తోళ్ళు చెక్కడం మొదలుపెట్టారు. నున్నగా, చేతిలో ఒదిగిపోయేట్టు, భలే పని. వాటికి ఎంత గిరాకీ అంటే, పొద్దున బళ్ళో హాజరు పిలిచేలోపల నా బల్ల మీద పిస్తోళ్ళు కుప్పగా చేరేవి. పిల్లల దగ్గర లాక్కొని పెట్టుకొని, సాయంత్రం బెల్లు కొట్టాక ఇచ్చేదాన్ని. ఎండు సొరకాయ బుర్రని సగానికి కోసి నెత్తిన పెట్టుకొచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కాలు చెప్పమంటే కళ్ళు చిన్నవి చేసి, పెదవి ఒకపక్కకి లాగి చెప్పేవాళ్ళు.

శనివారం మా ఆయన వస్తే ఇంట్లో ఆ కబుర్లే. ఆత్మకూరు హాల్లో ముందే చూసొచ్చిన సినిమా కథ, అన్నం తింటా తింటా, వాళ్ళమ్మకి వినపడకుండా నాకు చెప్పేవాడు. వినపడకుండా అనుకొనేది ఆయన. ఒక వారం అత్త మజ్జిగ పోస్తా అడిగింది.

"ఒరే, ఆ గుర్రాలు నిజం గుర్రాలేనా? బొమ్మలా?"

మా ఆయన ముద్ద నోటిదగ్గరే ఆపేశాడు. "నిజంవేనమ్మా. మందలు మందలుగా ఉంటాయి."

"తెల్లవి కూడా ఉంటాయా?"

"తెల్లవి, నల్లవి, చుక్కలవి. అన్నీ ఉంటాయి."

ఆమె గిన్నె తీసుకొని లోపలికి పోయింది. మా ఆయన నావైపు చూశాడు, నేను ఆయనవైపు చూశాను. మరుసటి వారం, ఆయన ఊళ్ళో లేని రోజున, బడినుంచి వచ్చేసరికి అత్త ఉతికిన చీర కట్టుకొని కూర్చోనుంది.

"అమ్మాయ్, ఇయ్యాల సినిమాలో గుర్రాలుండాయంట గదా. ఒక్కసారి చూసి వద్దాం పా. చూసేసి మధ్యలో లేచి వచ్చేద్దాం."

"ప్రార్థన కూటం వాళ్ళు చూస్తే?"

"చూడాలంటే వాళ్ళు కూడా లోపలికి రావాల గదా" అంది.

కొంగు నెత్తిమీదికి లాక్కొని, దడి సందులోంచి దాటి పోయాం. డేరాలో ఆడవాళ్ళకి ఒక పక్కన ఇసక. మధ్యలో ఒక గుడ్డ కట్టి మగవాళ్ళని వేరు చేసేవాళ్ళు. కూర్చున్నాక నాకు సినిమాకన్నా అత్తని చూడడమే సరిపోయింది. హీరో వచ్చినప్పుడు అందరూ ఈలలు వేశారు. ఆమె అసలు చూడలేదు. గుర్రం వచ్చినప్పుడు మాత్రం నిటారుగా కూర్చుంది. "మంచి కాళ్ళు" అంది. ఇంకోటి రాగానే "దీనికి నీళ్ళు సరిగ్గా పెట్టినట్టులేదు" అంది. పాట వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంది. అది ప్రార్థనో కునుకో నాకు తెలియదు.

సినిమా సగం దాటాక దొంగలకీ హీరోకీ కాల్పులు. ఒక తెల్లగుర్రం, పైనున్న మనిషితో సహా, దుమ్ములో దొర్లిపడింది. మా అత్త ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

"లేపండిరా దాన్ని! గుర్రాన్ని లేపండి!"

డేరా అంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో కూర్చోమని అరిచారు. నేను చెయ్యి పట్టుకొని లాగితే కూర్చుంది కాని, "లేచిందా? నువ్వు చూసినావా? లేచిందా?" అని అడుగుతూనే ఉంది. నేను చూడలేదు. ఆ తర్వాత హీరో గెలిచాడు, పెళ్ళి కూడా అయింది, ఆమెకి అవేమీ పట్టలేదు. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

మరుసటి సాయంత్రం తనే అంది, "ఇంకొక్కసారి పోవాల అమ్మాయ్. అది లేచిందో లేదో చూడాల." అదే సినిమాకి మళ్ళీ పోయాం. ఈసారి ఆ చోటు వస్తుందనగా ఇద్దరం తెరని మింగేట్టు చూశాం. గుర్రం పడింది. అందరి కళ్ళూ తుపాకీ పట్టుకున్నవాడి మీదున్నాయి. తెర ఎడమ పక్క, దుమ్ములోంచి, ముందర కాళ్ళు ఊనుకొని తెల్లగుర్రం లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకుంది. అంతలోనే బొమ్మ మారిపోయింది.

"లేచింది!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అత్త కొంగుతో ముఖం తుడుచుకొని, "ఇంక పోదాం పా" అంది. మిగతా సినిమా చూడకుండా వచ్చేశాం. ఆ పూట ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుంది.

అప్పటినుంచి గుర్రాల సినిమా వస్తే మేం పోవడం మామూలైపోయింది. ప్రార్థన కూటం ఆడవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? తెలిసింది. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు మా పక్కనే వచ్చి ఇసకలో కూర్చోవడం మొదలుపెట్టాక ఇంక ఎవరు ఎవర్ని అడుగుతారు?

డేరా ఓనరు కలిగిరి మనిషి. లావాటి మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. ఎప్పుడూ లేనంత జనం వస్తున్నారు కాబట్టి ఇంకా రావాలని ఆశ పుట్టింది. మామూలుగా ఆయన సినిమా ప్రచారం ఒక ఎద్దులబండికి రెండుపక్కలా పోస్టర్లు కట్టి, మైకులో అరిపిస్తూ చేసేవాడు. ఈసారి కొత్త సినిమాకి నిజం గుర్రం మీద నిజం కౌబాయ్‌ని ఊరేగించాలనుకున్నాడు. చుట్టుపక్కల గుర్రం ఎక్కడుందని విచారిస్తే అందరూ మా ఇల్లే చూపించారు.

వచ్చి అరుగుమీద కూర్చుని, "అమ్మా, మీ తమ్ముడి గుర్రాన్ని రెండ్రోజులు పంపించమని మీరొక మాట చెప్పాల" అన్నాడు.

"అది మూటలు లాగే గుర్రం. సినిమా గుర్రం కాదు."

"గుర్రం గుర్రమే గదమ్మా."

అత్త షరతులు మొదలుపెట్టింది. కొరడా ఎవరూ పట్టుకోకూడదు. దాని చెవి దగ్గర టపాకాయలు కాల్చకూడదు. ఎండ తగ్గినాకే బయలుదేరాలి. పగ్గాలు తన తమ్ముడి చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో ఉండకూడదు. ఓనరు అన్నిటికీ తల ఊపాడు. చివరికి, "ఇంతకీ ఎక్కేదెవరు?" అని అడిగింది.

ఓనరు తల గోక్కున్నాడు. "ఆ టోపీ పెట్టుకుంటే బాగుండే పొడుగాటి మనిషి కావాల. మీ అబ్బాయి ఒప్పుకున్నాడమ్మా. ఆత్మకూరులో కలిసి మాట్లాడినా."

ఆ సంగతి మా ఆయన నాక్కూడా చెప్పలేదు!

చిన్నాయన గుర్రాన్ని ఆత్మకూరునుంచి నడిపించుకుంటూ, దారిలో బంధువుల ఇంట్లో ఆగి, మరుసటి పొద్దున మా వాకిట్లోకి తెచ్చాడు. అత్త దాన్ని చూసి, మెడ మీద చెయ్యేసి, నుదుటికి నుదురు ఆనించి అట్లాగే నిలబడిపోయింది. తర్వాత తమ్ముణ్ణి పలకరించింది. ముందే ఉడకబెట్టి ఉంచిన ఉలవలు బొచ్చెలో పోసి పెట్టింది. "అక్కా, నాకేమన్నా ఉండాదా?" అని చిన్నాయన నవ్వుతా అడిగితే, "ఉండు, దాన్ని తిననీ" అంది.

మా ఆయన వేషం సంగతి చెప్పాలి. డేరా ఓనరు తాటాకు టోపీకి నల్లరంగు పూయించి తెచ్చాడు. ప్యాంటు బెల్‌బాటమే. బూట్లు డిపోలోవి. మెళ్ళో నా ఎర్ర రుమాలు. నడుముకి చెక్క పిస్తోలు, గరిటెలు చెక్కే ఇంటివాళ్ళు ప్రత్యేకంగా చెక్కి ఇచ్చింది. నిజం చెప్తున్నాను, చూడ్డానికి బాగున్నాడు. గుర్రం వీపు మీద గోనెపట్ట మడిచి వేసి, మీద దుప్పటి పరిచి, చిన్నాయన ఎక్కించాడు. ఎక్కాక మా ఆయన ముఖం చూస్తే అర్థమైంది, ఆయన గుర్రం ఎక్కడం అదే మొదలు.

డప్పులు ముందు, మైకు బండి వెనక. ఊరేగింపు బజారు మొదట్లోకి రాగానే జనం రెండుపక్కలా విరగబడ్డారు. అరుగుమీదనుంచి ఎవరో సంతోషంగా చెయ్యెత్తి ఊపారు. గుర్రం టక్కున ఆగిపోయింది.

చెయ్యెత్తితే ఆగడం దానికి అలవాటు. ఇన్నేళ్ళూ చెయ్యెత్తిన వాళ్ళ దగ్గర ఆగే కదా బతికింది! చిన్నాయన నాలుకతో చప్పుడు చేశాడు. కదల్లేదు. కళ్ళెం లాగాడు. కదల్లేదు. ఇంక దారిలేక, బస్టాండు దగ్గర రోజూ అరిచే అరుపే అరిచాడు. "అందరూ ఎక్కినారా? పా పా!"

గుర్రం బయలుదేరింది. నాలుగిళ్ళు దాటగానే మళ్ళీ ఎవరో చెయ్యెత్తారు. మళ్ళీ ఆగింది. మళ్ళీ "అందరూ ఎక్కినారా?" అని అరుపు. జనానికి మర్మం తెలిసిపోయింది. ఇంక చూడాలి. బజారంతా చేతులే. గుర్రం ఆగడం, చిన్నాయన అరవడం, "ఇంకా నేను ఎక్కలేదబ్బయ్యా" అని ఎవరో కేక వెయ్యడం. జనం కడుపులు పట్టుకొని నవ్వుతున్నారు. మా ఆయన పైన కూర్చుని పిస్తోలు ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మారుస్తున్నాడు. డేరా ఓనరు చెమటలు తుడుచుకుంటున్నాడు. షో టైమవుతోంది, ఊరేగింపు సగం బజారు కూడా దాటలేదు.

నేనూ అత్తా కోమట్ల కొట్టు మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. నేను నవ్వు ఆపుకోలేకపోతున్నాను. అత్త మాత్రం గుర్రం ముఖమే చూస్తోంది.

"పాపం, అది తికమక పడతా ఉండాది" అంది. మెట్లు దిగింది. జనంలోంచి నడుచుకుంటా పోయి కళ్ళెం తన చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిరిగి రెండుపక్కలా ఒక్క చూపు చూసింది.

"ఎవురన్నా ఇంక చెయ్యెత్తినారో, చూస్కోండి!"

ఆ బజార్లో సగంమంది చిన్నప్పుడు ఆమె దగ్గర ఆదివారం బడిలో వాక్యాలు అప్పజెప్పినవాళ్ళే. ఎత్తిన చేతులు ఎత్తినట్టే కిందికి దిగాయి. కొందరు చేతులు కట్టుకున్నారు కూడా. అత్త గుర్రంతో ఏదో మెల్లగా మాట్లాడుతా ముందుకు నడిచింది. అది ఆమె భుజానికి ముఖం ఆనించుకొని వెనకే నడిచింది. ముందర తెల్లచీరలో మా అత్త, వెనక ఎర్రగుర్రం, దానిమీద నల్లటోపీలో ఆమె కొడుకు. డప్పులవాళ్ళు కూడా కాసేపు కొట్టడం మరిచిపోయారు.

బజారు దాటితే చర్చి. గేటు దగ్గర పాస్టరయ్య నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకొని, "ఏందమ్మా ఇది?" అని అడిగాడు.

అత్త ఆగింది. గుర్రం ఆగింది. "గుర్రం అయ్యగారూ" అంది.

"అది కనపడతానే ఉండాది. సినిమా ప్రచారానికి నువ్వు ముందర నడుస్తా ఉండావే?"

"నేను గుర్రాన్ని నడిపిస్తా ఉండా అయ్యగారూ. సినిమాని కాదు."

పాస్టరయ్య పైనున్న మా ఆయన్ని చూశాడు. మా ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టాడు. పాస్టరయ్యకి నవ్వొచ్చింది. దాచుకుందామని చూశాడు కాని ఆగలేదు. లోపలికి పోయి, బావి దగ్గర బొక్కెన నిండా నీళ్ళు తెచ్చి గుర్రం ముందర తానే పెట్టాడు. అది తాగినంతసేపూ ఊరేగింపు అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం డేరా పక్కగుడ్డలు ఎత్తి కట్టాల్సి వచ్చింది, అంత జనం. సినిమా ఏంటో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. జనం కూడా తెరమీది గుర్రాలకన్నా బయట గుంజకి కట్టేసిన మా గుర్రాన్నే ఎక్కువ చూశారు.

ఆ తర్వాత కూడా చిన్నాయన కొన్నిసార్లు గుర్రాన్ని తెచ్చాడు. అయితే ఆ వేడి ఎక్కువ కాలం లేదు. మెల్లమెల్లగా జనానికి మొహం మొత్తింది. అదే కొండ, అదే పగ, అదే గుహ. తండ్రిని చంపిందెవరో టైటిళ్ళప్పుడే పిల్లలు కూడా చెప్పేసేవాళ్ళు. కుటుంబ కథలు వచ్చాయి, డాన్సుల సినిమాలు వచ్చాయి. హీరోలు టోపీలు తీసేసి మోటారు సైకిళ్ళెక్కారు. ఒక కౌబాయ్ సినిమాకి ఇంటర్వెల్లో సగంమంది లేచి ఇళ్ళకి పోవడం నేను చూశాను. నా బల్లమీద పిస్తోళ్ళు తగ్గి, తగ్గి, ఒకరోజు ఒక్కటీ లేదు. చెక్కపనివాళ్ళు మిగిలినవాటికి గొట్టాలు కోసేసి, పిడులు గరిటెలకి అతికించి అమ్మేసుకున్నారు.

మా ఆయనకి దిగులుగా ఉండేది. అత్తకి లేదు. డేరాలో కుటుంబ కథల సినిమాకి ఒకసారి తీసకపోతే, పక్కనున్న ఆడవాళ్ళంతా ఏడుస్తుంటే ఆమె విసుక్కుని, "గుర్రం లేదు, ఏం లేదు, దీనికెందుకు రావడం?" అని లేచి వచ్చేసింది. మళ్ళీ పోలేదు. చిన్నాయన జట్కా ఎత్తిపెట్టి, అనంతసాగరం దగ్గర కూతురి ఊరికి పోయాడు. గుర్రం కూడా ఆయనతోపాటే. మూటలు లేవు, ఊరేగింపులు లేవు. చెరువు కింద పచ్చిగడ్డి. అత్త ఏడాదికొకసారి పోయి చూసొచ్చేది. తమ్ముణ్ణి చూడ్డానికి పోతున్నానని చెప్పేది. సంచీలో మాత్రం ఉలవలుండేవి. అది ముసలిదై, నిద్రలోనే పోయింది. ఆ కబురు తెలిసినప్పుడు అత్త ఏడవలేదు. "బాగా బతికింది" అంది.

చాలా ఏళ్ళకి మళ్ళీ ఒక కౌబాయ్ సినిమా వచ్చిందని మా ఆయన ఉత్సాహపడి పిల్లల్ని ఆత్మకూరు తీసకపోయాడు. రంగులు బాగున్నాయి, గుర్రాలు బాగున్నాయి. మా పిల్లలు మర్యాదకి చూశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావాడు, "నాయనా, వాళ్ళకి జీపులు లేవా?" అని అడిగాడు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు.

ఇంట్లోకి టీవీ వచ్చాక, ఎక్కడిదో గుర్రాలున్న ఇంగ్లీషు సినిమా వేస్తే, అత్త కళ్ళద్దాలు పెట్టుకొని ముందర మంచంలో కూర్చునేది. ఒక్క ముక్క అర్థం కాదు, అవసరమూ లేదు. చివరి రోజుల్లో కూడా ఆమెకి అది ఇష్టమైన కాలక్షేపం.

డేరా ఓనరు బీడు వదిలేసి కలిగిరిలో పక్కా హాలు కట్టాడు. అది కొన్నేళ్ళు సినిమాలు ఆడి, తర్వాత కళ్యాణమండపం అయింది. ఈమధ్య బంధువుల పిల్ల పెళ్ళికి అక్కడికే పోయాం. ఒకప్పుడు తెర ఉన్నచోట పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చున్నారు. ఓనరు ముసలాయన కుర్చీలోంచి లేవలేక, మా ఆయన్ని చూసి రెండు చేతులూ చాపాడు. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని, ఏ సినిమాకి ఎక్కువ జనం వచ్చారన్న దాని మీద వాదనకి దిగారు. ఒకరు చెప్పిన సినిమా పేరు ఇంకొకరు ఒప్పుకోరు. విస్తట్లో అన్నం చల్లారిపోతోంది. వడ్డించే పిల్ల సాంబారు బకెట్టుతో వచ్చి నిలబడి, ఎటూ తేలకపోయేసరికి నావైపు చూసింది.

"ఇద్దరికీ పొయ్యమ్మా, వాళ్ళది తేలేసరికి పెళ్ళైపోతాది" అన్నాను.